నాజిల్ ఎవరిదో ముందు తేల్చండి

ప్రాజెక్టు మేనేజర్లకు, ఇంజనీరింగ్ విభాగాల అధిపతులకు, ప్లాంటు యజమానుల తరఫున డ్రాయింగుల మీద సంతకాలు పెట్టేవారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ప్రెషర్ వెసెల్ (ఒత్తిడిలో ద్రవాన్నో వాయువునో ఉంచే లోహపు పాత్ర) డేటా షీట్‌లో "నాజిల్ లోడ్స్" అని ఒక గడి ఉంటుంది. నాజిల్ అంటే పైపు తగులుకోవడానికి వెసెల్‌కు వెల్డ్ చేసిన మెడ, దాని మీద పైపు వేసే బలాలే ఆ లోడ్స్. చాలాసార్లు అందులో "తర్వాత ఇస్తాం" అని రాసి ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. ఆ షీట్ మీ బల్ల మీదికి వస్తుంది. ప్రెషర్, టెంపరేచర్, మెటీరియల్, కరోజన్ అలవెన్స్ (తుప్పుకు వదిలే అదనపు మందం) అన్నీ నింపి ఉన్నాయి కదా అని సంతకం పెట్టేస్తారు. ఆర్డర్ వెళ్లిపోతుంది. ప్లేట్లు కోయడం మొదలయ్యాక పైపింగ్ స్ట్రెస్ విభాగం నుంచి లోడ్ల పట్టిక వస్తుంది. వెసెల్ డిజైనర్ లెక్క వేసి "ఈ నాజిల్ తట్టుకోదు" అంటాడు. "మీ వెసెల్ బలహీనంగా ఉంది" అని పైపింగ్ వాళ్లు, "మీ పైపు బిగుసుకుపోయి ఉంది" అని వెసెల్ వాళ్లు. ఆ గొడవలోకి మిమ్మల్ని పిలిచేసరికి షెడ్యూల్ ఎటూ పోయి ఉంటుంది. ఆ టెన్షన్‌లో మీరు అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఎవరి తప్పు?"

ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. తిలా పాపం తలా పిడికెడు. నేను అడిగేది అంతకు ముందు ప్రశ్న: ఆ నాజిల్ ఎవరిది?

కోడ్ పుస్తకాల్లో దీనికి ఒక గీత గీసి ఉంది. అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ రాసిన వెసెల్ కోడ్, సెక్షన్ 8 డివిజన్ 1, దాని పరిధి బోల్టుల కనెక్షన్ అయితే మొదటి ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు చక్రం) ముఖం దగ్గర, వెల్డింగ్ అయితే మొదటి చుట్టు వెల్డ్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ప్రాసెస్ పైపింగ్ కోడ్ బీ31.3 మొదలవుతుంది. గీత బాగానే ఉంది. కానీ అదే వెసెల్ కోడ్‌లో యూజీ-22 అనే పేరా, డిజైన్‌లో లెక్కలోకి తీసుకోవలసిన లోడ్ల వరుస చెబుతూ, తగిలించిన పైపింగ్ నుంచి, పక్క పరికరాల నుంచి వచ్చే లోడ్లను కూడా చేర్చింది. అంటే వెసెల్ డిజైనర్ వాటిని చూడాలి. ఆ అంకెలు అతని దగ్గర పుట్టవు. పైపింగ్ ఇంజనీరు ఇవ్వాలి. ఇతను ఇవ్వాలంటే పైపు దారి ఖాయం కావాలి, అది ఖాయం కావాలంటే వెసెల్ నాజిళ్లు ఎక్కడున్నాయో తెలియాలి. ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాల్సింది ఇద్దరి పైనా ఉన్న మీరే.

కోడ్ ప్రకారం లెక్క సరిపోయిందంటే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. ఎందుకో ఒక చేతిలెక్కతో చూపిస్తాను. ఇందులో సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

8 అంగుళాల కార్బన్ స్టీల్ పైపు, షెడ్యూల్ 40 (ఇది గోడ మందం తరగతి). బయటి వ్యాసం 219.1 మి.మీ. పది మీటర్ల తిన్నని పైపు, ఒక చివర కదలని యాంకర్. రెండో చివర ఎల్బో (వంపు ముక్క) తిరిగి, లంబంగా ఒక కాలు వెళ్లి వెసెల్ నాజిల్‌కు తగులుకుంటుంది. ప్లాంటు నడిచేటప్పుడు పైపు 100 డిగ్రీలు వేడెక్కుతుంది అనుకోండి. కార్బన్ స్టీల్ మీటరుకు, డిగ్రీకి సుమారు 0.012 మి.మీ. సాగుతుంది. పది మీటర్లకు 12 మి.మీ. వినడానికి చాలా చిన్న అంకె. ఆ 12 మి.మీ.ని కదలనివ్వకుండా రెండు వైపులా గట్టిగా పట్టి ఉంచితే పైపులో పుట్టే స్ట్రెస్ 240 మెగాపాస్కల్స్, నెట్టే బలం 130 టన్నుల దాకా. నిజ జీవితంలో అంత బలం పుట్టదు, ఈలోపే ఏదో ఒకటి వంగుతుంది. ఆ వంగేది మీ వెసెల్ షెల్ (ఒంటి గోడ) కావచ్చు, సపోర్టు కావచ్చు.

అందుకే ఎల్బో, అందుకే ఆ పక్క కాలు. కాలి పొడవు 3 మీటర్లు ఉంటే, పైపులో వంపు స్ట్రెస్ 175 మెగాపాస్కల్స్ చుట్టుపక్కల వస్తుంది. బీ31.3 థర్మల్ స్ట్రెస్ రేంజ్‌కు ఇచ్చే పరిమితి, మామూలు కార్బన్ స్టీల్‌కు, 138 మెగాపాస్కల్స్ అలవబుల్‌తో (కోడ్ అనుమతించే స్ట్రెస్‌తో) లెక్కేస్తే 207. పైపు పాస్. స్ట్రెస్ ఇంజనీరు స్క్రీన్ మీద అంతా పచ్చగా కనిపిస్తుంది, రిపోర్టు ప్రింటవుతుంది.

ఇప్పుడు అదే కాలు అవతలి చివర చూడండి. నాజిల్ మీద పడే అడ్డబలం సుమారు 32 కిలోన్యూటన్లు, అంటే మూడు టన్నుల పైమాట. మొమెంట్ (వంచే ప్రభావం) 48 కిలోన్యూటన్-మీటర్లు. పలచని షెల్ మీద వెల్డ్ చేసిన 8 అంగుళాల నాజిల్‌కు ఇది చాలా ఎక్కువ. పైపు కోడ్ ప్రకారం అంతా సవ్యంగా ఉంది, వెసెల్ మాత్రం ఒప్పుకోదు. ఇందులో ఎవరూ తప్పు లెక్క వేయలేదు.

ఆ కాలును 3 మీటర్ల నుంచి 5 మీటర్లకు పెంచండి. అడ్డబలం 7 కిలోన్యూటన్లకు, మొమెంట్ 17కు దిగుతుంది. రెండు మీటర్ల పైపు, ఒక సపోర్టు. అంతే ఖర్చు. కాకపోతే ఆ రెండు మీటర్ల జాగా ప్లాట్ ప్లాన్‌లో (ప్లాంటు స్థలపటంలో) ముందే ఉండాలి. పైప్ ర్యాక్ (పైపులు మోసే స్ట్రక్చర్) ఖాయమై, ఫౌండేషన్లు పోశాక ఆ రెండు మీటర్లు ఎక్కడి నుంచి తెస్తాం? (ఇది రెండు చివరలూ పూర్తిగా బిగుసుకుపోయాయనుకుని వేసిన మోటు లెక్క. నిజంగా నాజిల్ దగ్గర షెల్ కొంచెం ఒరుగుతుంది, లోడ్ తగ్గుతుంది. ఆ ఒరుగుదలను మోడల్‌లో పెట్టే పద్ధతులు ఉన్నాయి, తప్పకుండా వాడాలి. కానీ ఆఖరి నిమిషంలో లెక్కను పాస్ చేయించడానికి మాత్రమే వాటిని బయటికి తీయడం నాకు నచ్చదు.)

ఇలాంటి సమయంలో మీటింగులో ఎవరో ఒకరు తప్పక అనే మాట ఒకటుంది: "పైపు మందం పెంచేద్దాం, సేఫ్‌గా ఉంటుంది." దయచేసి ఆ మాట విన్నప్పుడు ఆపండి. పై లెక్కలో స్ట్రెస్ సూత్రంలో పైపు వ్యాసం ఉంది, సాగిన పొడవు ఉంది, కాలి పొడవు ఉంది. మందం లేదు. షెడ్యూల్ 40 బదులు షెడ్యూల్ 80 వేస్తే థర్మల్ స్ట్రెస్ పిసరంత కూడా తగ్గదు. నాజిల్ మీద మొమెంట్ మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, 48 కాస్తా 70 దాటుతుంది. లోపలి ప్రెషర్‌కు మందం బలం. వేడికి పుట్టే సాగుడుకు అదే మందం శత్రువు. ఈ రెండూ ఒకే పైపులో ఒకేసారి జరుగుతుంటాయి కాబట్టే ఇది ఫార్ములాలో అంకెలు వేసి తీసే జవాబు కాదు, డిజైన్.

మందం మీద ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇదీ మీ సంతకాల దగ్గరే మొదలవుతుంది కాబట్టి. ప్రాసెస్ విభాగం ఆపరేటింగ్ ప్రెషర్‌కు కొంత కలిపి డిజైన్ ప్రెషర్ ఇస్తుంది. అది న్యాయం, సేఫ్టీ వాల్వ్‌కు ఊపిరి ఆడాలి. ఆ అంకెను మెకానికల్ వాళ్లు గుండ్రం చేస్తారు. వెండర్ తన వంతు ఇంకొంచెం కలుపుతాడు. ఎవరికి వారు మంచిపనే చేస్తున్నామనుకుంటారు. లోపలి వ్యాసం 2000 మి.మీ. షెల్, ఎస్ఏ-516 గ్రేడ్ 70 ప్లేట్, అలవబుల్ స్ట్రెస్ 138 మెగాపాస్కల్స్, స్పాట్ రేడియోగ్రఫీ (వెల్డ్‌లను అక్కడక్కడా మాత్రమే ఎక్స్‌రే తీయడం) కాబట్టి జాయింట్ ఎఫిషియెన్సీ (వెల్డ్ బలానికి ఇచ్చే మార్కు) 0.85, కరోజన్ అలవెన్స్ 3 మి.మీ. డిజైన్ ప్రెషర్ 1.95 మెగాపాస్కల్స్ అయితే కావలసిన మందం 19.84 మి.మీ. 20 మి.మీ. ప్లేట్ సరిపోయింది. అదే ప్రెషర్‌ను "రౌండ్‌గా 2 అనుకుందాం" అంటే 20.28 వస్తుంది. ఇక 20 ప్లేట్ పనికిరాదు, 22 కొనాలి. ఆరు మీటర్ల షెల్ మీద ఆ రౌండ్ ఖరీదు దాదాపు 600 కిలోల స్టీలు, ఆ మేరకు వెల్డింగ్, ఆ మేరకు ఫౌండేషన్. అదే 2 మెగాపాస్కల్స్‌కు పూర్తి రేడియోగ్రఫీ చేయిస్తే ఎఫిషియెన్సీ 1.0 అవుతుంది, 17.66 వస్తుంది, 18 మి.మీ. ప్లేట్‌తో పోతుంది. రేడియోగ్రఫీ ఖర్చా, ప్లేట్ ఖర్చా అన్నది ఎవరైనా కూర్చుని లెక్క వేయాల్సిన విషయం. కానీ నాజిల్ లోడ్లు తెలియకుండా ఆ లెక్క కూడా సగమే. 18 మి.మీ. షెల్ ప్రెషర్‌కు చాలినా, పైపు లాగుడుకు చాలకపోవచ్చు. చివర్లో అది తెలిస్తే అడావిడిగా నాజిల్ చుట్టూ ప్యాడ్ (అదనపు ప్లేట్) అతికిస్తారు.

ఆ ప్యాడ్ గురించీ ఒక అపోహ ఉంది. నాజిల్‌కు రంధ్రం కోసినప్పుడు పోయిన లోహానికి బదులు లోహం పెట్టాలనే లెక్క లోపలి ప్రెషర్ కోసం. ఆ లెక్క పాసైనంత మాత్రాన పైపు మొమెంట్‌కు నాజిల్ తయారైనట్టు కాదు. దానికి వేరే లెక్క ఉంది. 1965లో వెల్డింగ్ రీసెర్చ్ కౌన్సిల్ తెచ్చిన డబ్ల్యూఆర్‌సీ 107 బులెటిన్, తర్వాత 297, ఇప్పుడు 537 ఆ పనికే. వాటికీ హద్దులున్నాయి. పెద్ద నాజిల్, పలచని షెల్ అయితే ఆకారాన్ని చిన్న ముక్కలుగా చేసి కంప్యూటర్ వేసే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కే శరణ్యం.

లోడ్ల పట్టిక ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరిపోయిందని పైపింగ్ వైపు నా సహోద్యోగులు అనుకోవడం కూడా చూస్తుంటాను. మూడు బలాలు, మూడు మొమెంట్లు, ఒకే వరుస. అందులో పైపు బరువు వల్ల వచ్చింది ఎంత, వేడి వల్ల వచ్చింది ఎంత, గాలి, భూకంపం, సేఫ్టీ వాల్వ్ ఎగజిమ్మినప్పుడు వచ్చే ప్రతిచర్య ఎంత అన్నది చెప్పరు. బరువు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, లోహం కాస్త వంగినా ఊరుకోదు. వేడి వల్ల వచ్చే లోడ్ కాస్త వంగితే సర్దుకుంటుంది. అందుకే వెసెల్ లెక్కలో మొదటి రకం లోకల్ మెంబ్రేన్ స్ట్రెస్‌కు (షెల్ గోడ మందమంతటా సమంగా పడే స్థానిక స్ట్రెస్‌కు) అలవబుల్‌కు 1.5 రెట్లే పరిమితి. రెండో రకం కూడా కలిపి చూసే రేంజ్‌కు 3 రెట్ల దాకా వెసులుబాటు ఉంది. అన్నీ ఒకే బుట్టలో వేసి ఇస్తే వెసెల్ డిజైనర్ భయపడి అన్నిటినీ కఠినమైన పరిమితితోనే చూస్తాడు, లేదా ధైర్యం చేసి అన్నిటినీ వదులుగా చూస్తాడు. రెండోది జరిగిందని పేపర్ మీద కనిపించదు కూడా.

మరి ఈ చక్రాన్ని తెంపేదెలా? దారి ఉంది, కొత్తదేమీ కాదు, బాగా నడిచే ప్రాజెక్టుల్లో వాడుతున్నదే. ఆర్డర్ పెట్టకముందే నాజిల్ సైజు, ఫ్లాంజ్ క్లాస్ బట్టి ఒక ప్రామాణిక లోడ్ల పట్టిక స్పెసిఫికేషన్‌లో పెట్టేయాలి. ఫలానా సైజు నాజిల్ కనీసం ఇంత బలం, ఇంత మొమెంట్ తట్టుకునేలా వెసెల్ వెండర్ కట్టాలి. పైపింగ్ వాళ్లు ఆ హద్దులోపల తమ పైపును సర్దుకోవాలి. ఎవరైనా హద్దు దాటాల్సి వస్తే అప్పుడు మాట్లాడుకోవడం. మొత్తం నాజిళ్లలో మాట్లాడుకోవాల్సినవి కొన్నే మిగులుతాయి.

ఈ పట్టికను గుడ్డిగా ఎక్కడో పాత ప్రాజెక్టు నుంచి తెచ్చి అతికిస్తే మాత్రం కొత్త తలనొప్పి. అంకెలు మరీ పెద్దవైతే ప్రతి వెసెల్ అనవసరంగా బలిసిపోతుంది, పైపింగ్ వాళ్లకు బద్ధకం అలవాటవుతుంది. మరీ చిన్నవైతే ప్రతి లైనుకూ లూపులు (సాగుడుకు వదిలే వంపులు) పెట్టి ర్యాక్ నిండిపోతుంది. తక్కువ ప్రెషర్, పెద్ద వ్యాసం, పలచని షెల్ ఉన్న వెసెళ్లకు ప్రత్యేకంగా చూడాలి. అక్కడ ప్రెషర్‌కు కావలసిన మందం చాలా తక్కువ, పైపు లాగుడు మాత్రం అలాగే ఉంటుంది. వెసెల్ డిజైనర్, స్ట్రెస్ ఇంజనీరు ఒక పూట కూర్చుని ఈ పట్టిక తేల్చుకోగలరు. ఆ పూట ఇప్పించాల్సింది మీరు.

ఎత్తయిన కాలమ్‌ల (నిలువు వెసెళ్ల) దగ్గర ఈ సంగతి ఇంకా ముదురుతుంది. నేల నుంచి 20 మీటర్ల ఎత్తున నాజిల్ ఉన్న కాలమ్ 250 డిగ్రీలకు వేడెక్కితే ఆ నాజిల్ 60 మి.మీ. దగ్గర దగ్గరగా పైకి లేస్తుంది. దాని నుంచి కిందికి దిగే పైపును నేల మీది స్ట్రక్చర్‌కు బిగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మామూలు పరిష్కారం, ఆ పైపు బరువును నాజిల్‌కు దగ్గరలోనే కాలమ్ ఒంటికి వెల్డ్ చేసిన క్లిప్ మీద మోయించడం. అప్పుడు కాలమ్‌తో పాటు పైపూ లేస్తుంది. కింద గైడ్లు, అడుగున అవసరమైతే స్ప్రింగ్. చక్కని ఏర్పాటు. ఒకటే షరతు, ఆ క్లిప్‌లు ఎక్కడ కావాలో ఫ్యాబ్రికేటర్‌కు సమయానికి తెలియాలి.

తెలియదు. కాలమ్‌కు పోస్ట్ వెల్డ్ హీట్ ట్రీట్‌మెంట్ (వెల్డింగ్ తర్వాత లోహాన్ని వేడిచేసి సడలించడం) అయిపోయి, పెయింట్ కూడా పడ్డాక క్లిప్‌ల డ్రాయింగ్ వస్తుంది. హీట్ ట్రీట్‌మెంట్ అయిన షెల్ మీద ఇప్పుడు వెల్డింగ్ చేయాలంటే, ఆ సర్వీసుకు ఒప్పుకుంటుందా లేదా చూడాలి, మళ్లీ లోకల్‌గా వేడి చేయాలి, కొన్ని సర్వీసుల్లో అసలు కుదరదు. 1984 జులై 23న అమెరికాలోని రోమియోవిల్ రిఫైనరీలో అమైన్ అబ్జార్బర్ (గ్యాస్‌ను శుద్ధి చేసే) టవర్ పగిలి 17 మంది చనిపోయారు. ఆ టవర్‌కు పదేళ్ల ముందు ఒక షెల్ కోర్సు (షెల్‌లో ఒక ఉంగరం) మార్చినప్పుడు వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేయలేదు. ఆ వెల్డ్ పక్కన గట్టిపడిన లోహంలోనే హైడ్రోజన్ వల్ల పగుళ్లు పెరిగాయి. క్లిప్ వెల్డుకూ, షెల్ కోర్సు వెల్డుకూ పోలిక లేదని ఎవరైనా అనవచ్చు. హైడ్రోజన్ ఉన్న సర్వీసులో గట్టిపడిన వెల్డ్ పక్క భాగం ఏ వెల్డ్‌ది అని చూడదు. క్లిప్‌ల జాబితాను వెసెల్ ఫ్యాబ్రికేషన్ డ్రాయింగుతో పాటే మూసేయండి. ఆ తర్వాత వచ్చే క్లిప్‌కు మీ సంతకం కావాలని పెట్టండి, అవే సగానికి తగ్గుతాయి.

జాగా లేదంటే వచ్చే రెండో సలహా బెల్లోస్ (ముడతల లోహపు గొట్టం). ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెట్టేద్దాం, లూపు ఎందుకు అని. బెల్లోస్‌కు నేను వ్యతిరేకిని కాను. కానీ అది పైపులో ఒక మెత్తని చోటు. మామూలు పైపులో ప్రెషర్ వల్ల పుట్టే పొడవువాటు లాగుడును పైపు గోడే మోస్తుంది. బెల్లోస్ దాన్ని మోయలేదు, సాగిపోతుంది. ఆ బలాన్ని బయట ఎవరో ఒకరు పట్టాలి, యాంకర్లో, టై రాడ్లో. సగటు వ్యాసం 350 మి.మీ. ఉన్న బెల్లోస్ మీద 10 బార్ ప్రెషర్ అంటే దాదాపు పది టన్నుల నెట్టుడు. అది వేడికి వచ్చిపోయేది కాదు, ప్రెషర్ ఉన్నంతసేపూ ఉంటుంది. హైడ్రోటెస్టులో బీ31.3 ప్రకారం ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తే అదీ అంత పెరుగుతుంది.

1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో జరిగింది ఇదే. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు దాని పేరు వినే ఉంటారు, కానీ అసలు ఏ లెక్క వదిలేశారన్నది చాలామందికి గుర్తుండదు. సైక్లోహెక్సేన్‌ను ఆక్సీకరణ చేసే ఆరు రియాక్టర్లు మెట్లుమెట్లుగా వరుసగా ఉండేవి. ఒకదాని నుంచి ఒకదానికి 28 అంగుళాల కనెక్షన్లు, వాటికి బెల్లోస్. మార్చిలో ఐదో రియాక్టర్‌లో పగులు కనిపించింది. దాన్ని తీసేసి, నాలుగు నుంచి ఆరుకు తాత్కాలికంగా ఒక బైపాస్ పైపు కట్టారు. దొరికిన పైపు 20 అంగుళాలది. రెండు రియాక్టర్లకూ ఎత్తు తేడా ఉంది కాబట్టి పైపును మధ్యలో కోసి వంకరగా అతికించారు. డ్రాయింగ్ లేదు, వర్క్‌షాప్ నేల మీద సుద్దతో పూర్తి సైజు బొమ్మ గీశారు. కింద స్కాఫోల్డింగ్ గొట్టాల ఆసరా. రెండు చివరలా పాత బెల్లోస్ అలాగే ఉన్నాయి.

లెక్కలే వేయలేదని అనుకోకండి. ఆ పైపులోంచి కావలసినంత ద్రవం పోతుందా అని చూశారు. తిన్నని పైపుగా ఆ ప్రెషర్‌ను తట్టుకుంటుందా అనీ చూశారు. రెండింటికీ జవాబు అవుననే వచ్చింది. రెండు బెల్లోస్ మధ్య ఉన్న వంకర పైపు మీద ప్రెషర్ ఎంత నెడుతుంది, ఆ నెట్టుడు రెండు వైపులా ఒకే గీతలో లేదు కాబట్టి పైపును ఎంత తిప్పుతుంది అన్నది మాత్రం ఎవరూ లెక్కించలేదు. 28 అంగుళాల రంధ్రం మీద చదరపు సెంటీమీటరుకు 8.8 కిలోల ప్రెషర్ వేసి చూడండి, ఒక్కో వైపు దాదాపు 35 టన్నులు వస్తుంది. ఆ తర్వాత వాయువుతో చేసిన టెస్టు కూడా చదరపు సెంటీమీటరుకు 9 కిలోల ప్రెషర్‌కే ఆపారు. సేఫ్టీ వాల్వ్ తెరుచుకునేది 11 దగ్గర. అంటే మామూలు నడకలోనే రాగల ప్రెషర్‌ను ఆ పైపు ముందు ఒక్కసారి కూడా చూడలేదు. చనిపోయింది 28 మంది. ఆ రోజు శనివారం కాబట్టి ఆఫీసుల్లో మనుషులు లేరు, లేకపోతే ఇంకా ఎక్కువ మంది పోయేవారు.

అప్పట్లో ఆ ప్లాంట్‌లో వర్క్స్ ఇంజనీరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పైపును చూసి "ఇది నాది, దీని లెక్క నేను చూడాలి" అనే మెకానికల్ ఇంజనీరు లేడు. రియాక్టర్లకు యజమానులున్నారు, ప్రాసెస్‌కు యజమానులున్నారు. రెండు రియాక్టర్ల మధ్య ముక్కకు ఎవరూ లేరు. నాజిల్ ఎవరిది అని నేను ఇంత గోల చేస్తున్నది అందుకే.

పంపుల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అక్కడ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పంపుల ప్రమాణం ఏపీఐ 610 నాజిల్ లోడ్లకు పట్టిక ఇచ్చే పుణ్యం కట్టుకుంది. కాగితం మీద లోడ్లు దాని లోపలే ఉంటాయి. సైట్‌లో చూస్తే పైపు ఫ్లాంజ్‌కూ పంపు ఫ్లాంజ్‌కూ మధ్య ఎడం ఉంటుంది, చైన్ బ్లాక్ వేసి లాగి బోల్టులు బిగిస్తారు. ఆ లాగుడు ఏ లెక్కలోనూ లేదు. తర్వాత అలైన్‌మెంట్ నిలబడదు, సీల్ కారుతుంది, బేరింగ్ పోతుంది, పంపు వెండర్‌ను పిలిచి తిడతారు. బోల్టులు విప్పి, పంపు షాఫ్ట్ మీద డయల్ గేజ్ పెట్టి, తిరిగి బిగిస్తూ ముల్లు ఎంత కదులుతుందో చూసే చిన్న పరీక్షను కమిషనింగ్ చెక్‌లిస్టులో పెట్టించండి. అలాగే స్ప్రింగ్ హ్యాంగర్లకు హైడ్రోటెస్ట్ కోసం వేసిన లాకింగ్ పిన్నులు తీశారో లేదో ఎవరైనా తిరిగి చూడాలి. పిన్ను ఉన్న స్ప్రింగ్ స్ప్రింగే కాదు, గట్టి సపోర్టు. లెక్కంతా అది సాగుతుందనే నమ్మకం మీద నిలబడి ఉంటుంది.

డేటా షీట్‌లో ఇంకా కొన్ని గడులు ఇలాగే ఖాళీగా వస్తాయి. స్టీమ్‌తో కడుగుతారా, కడిగాక వెంట్ మూసేసే అవకాశం ఉందా? స్టీమ్ చల్లబడి నీరైతే లోపల వాక్యూమ్ వస్తుంది, బయటి గాలి చదరపు మీటరుకు పది టన్నుల చొప్పున నొక్కుతుంది. లోపలి ప్రెషర్‌కు బలమైన షెల్ బయటి నొక్కుడుకు డబ్బాలా నలిగిపోగలదు. కనీస ఉష్ణోగ్రత ఎంత? చాలామంది అక్కడ వాతావరణ ఉష్ణోగ్రత రాస్తారు. లోపలి వాయువును ఒక్కసారిగా వదిలితే, లేదా వేడి ప్రవాహం ఆగిపోతే లోహం ఎంత చల్లబడుతుందో ప్రాసెస్ వాళ్లే చెప్పాలి. 1998 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాలోని లాంగ్‌ఫోర్డ్‌లో వేడి ఆయిల్ ప్రవాహం ఆగి ఒక హీట్ ఎక్స్ఛేంజర్ మైనస్ 48 డిగ్రీల దాకా చల్లబడింది. ఆ చలిలో గాజులా పెళుసుబారిన లోహంలోకి మళ్లీ వేడి ఆయిల్ వదలగానే అది పగిలి ఇద్దరు చనిపోయారు. గ్యాస్ లైన్ సపోర్టులు నీళ్లు నింపి టెస్ట్ చేసేటప్పటి బరువుకు చూశారా? ఇవన్నీ డిజైనర్ ఊహించి నింపేవి కావు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. షెడ్యూల్. ప్లేట్లు, ఫోర్జింగులు రావడానికి నెలలు పడుతుంది, వెసెల్ ఆర్డర్ ఆపలేం. ఆపమని నేనూ అనడం లేదు. ప్లేట్ ఆర్డర్ వేరు, నాజిల్ డ్రాయింగ్ విడుదల వేరు. షెల్ ప్లేట్లు ముందు కొనండి, నాజిళ్ల కోత వివరాలను స్ట్రెస్ విభాగం తొలి లెక్క వచ్చేదాకా హోల్డ్‌లో పెట్టండి. తొలి లెక్కకు పూర్తి ఐసోమెట్రిక్‌లు (ఒక్కో పైపు లైను వివరాల డ్రాయింగులు) అక్కర్లేదు. వేడి ఎక్కువున్న, సైజు పెద్దదైన, పంపులకు కంప్రెసర్లకు పోయే లైన్లను ఏరి, పైన నేను వేసినలాంటి చేతిలెక్కతోనే ఎక్కడ చిక్కు వస్తుందో పసిగట్టవచ్చు. ఆ ఏరిన లైన్లకు ప్లాట్ ప్లాన్‌లో ముందే జాగా ఇప్పించండి. నాజిల్ లోడ్ల గడి ఖాళీగా ఉన్న షీట్‌ను కొనుగోలు విభాగం తీసుకోకూడదని ఒక రూలు పెట్టండి. అంకె లేకపోతే ప్రామాణిక పట్టిక నంబరైనా అందులో ఉండాలి.

అన్నిటికంటే ముందు, ప్రతి ముఖ్యమైన నాజిల్‌కూ ఒక మనిషి పేరు రాయండి. విభాగం పేరు కాదు, మనిషి పేరు. వెసెల్ వైపు నుంచో పైపింగ్ వైపు నుంచో, ఎవరైనా ఫర్వాలేదు. రెండు లెక్కలూ ఒకచోట పెట్టుకుని, లోడ్లు విడివిడిగా ఉన్నాయా, వెసెల్ రిపోర్టులో వాడినవి తాజా స్ట్రెస్ రిపోర్టులో ఉన్నవేనా అని చూసి సంతకం పెట్టే మనిషి. పైపు దారి మారినప్పుడల్లా ఆ షీట్ తిరిగి అతని దగ్గరికే రావాలి. ఆ పనికి గంటలు పడతాయి. ఆ గంటలకు ఈరోజు మీ బడ్జెట్‌లో ఖాతా లేదు, వెసెల్ వాళ్ల గంటల్లోంచి పైపింగ్ పని చేస్తే ఒకరు, పైపింగ్ గంటల్లోంచి వెసెల్ పని చేస్తే ఇంకొకరు సంజాయిషీ అడుగుతారు. వచ్చే ప్రాజెక్టు కిక్-ఆఫ్ నాటికి ఆ ఖాతా తెరిపించండి.

ఇట్లు,
మీ డేటా షీట్లకు అవతలి వైపు కూర్చునే ఒక పైపింగ్ స్ట్రెస్ ఇంజనీరు